తువ్వాలు కింది బేరం

హోసూరు ఆఫీసులో మా టీమ్ లీడర్ శశికుమార్, సంతలో బేరాలు ఎట్లా సాగుతాయో చూపే ఆట కోసం కంప్యూటర్‌లో వంద మంది ఉత్తుత్తి వ్యాపారులను తయారు చేసి, ఒక్కొక్కరికి ఒకటి నుంచి పది దాకా తెలివి పంచాడు. పది వచ్చినవాడికి తన పేరే పెట్టుకున్నాడు. ఒకటి వచ్చినవాడికి మా నాయన పేరు పెట్టాడు, కొండప్ప అని. ఉద్దనపల్లి నుంచి నాకు క్యారియర్ తెచ్చిన నాయన, "ఈడ ఏమి అమ్ముతారమ్మా?" అని అడిగినందుకు! అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఆరు నెలలుగా నా గొంతులో ముల్లులా ఉంది.

ఆ పది తెలివి గుట్టు నాకు తెలుసు. పక్కవాడి ధర చూసి, రెప్పపాటు ముందు దూకడం, అంతే. మా నాయన ఎద్దులు కొనే సంతలో ధర ఎవరికీ కనబడదు. తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని బేరమాడతారు.

"సార్, మా సంత పద్ధతి ఒకటి చేర్చేదా?" అని అడిగాను.

"చేర్చమ్మా, మీ కొండప్ప కూడా బతకనీ," అన్నాడు.

ఈ ఆట చూడడానికి మా కంపెనీ బెంగళూరు పెద్దలు వచ్చిన రోజున నాయననూ పిలుచుకొచ్చాను. ఆట మొదలుకాగానే ధరలన్నీ తువ్వాలు కిందికి పోయాయి, పక్కవాడి ధర ఎవరికీ కనబడలేదు. తెర మీది శశికుమార్ గుడ్డిగా కొని అరగంటలో దివాలా తీశాడు. కొండప్ప తనకు గిట్టే ధర దాటి ఒక్కసారి కూడా పలకలేదు. నిలబడ్డాడు.

"ఆ పద్ధతి తీసెయ్," అని శశికుమార్ నా చెవిలో గొణిగాడు.

అందరికీ వినబడేట్టు చెప్పాను.

"అది నాది కాదు సార్, మా నాయనది. ముందు వరసలో కూచోనుండాడు, పిలిచి అడగండి. పేరు మీకు తెలిసిందే కదా."