వంతెన దగ్గర జనం లెక్క

మా పేటకు వస్తుందన్న రైలు స్టేషన్ గోడ అవతలి డబ్బున్నవాళ్ల విల్లాలకు తరలిపోయింది. ఈ సంగతి చెప్పడానికి ఇంజనీరు బహ్గత్ మా బడి హాల్లో తెర కట్టించి గీతలూ రంగులూ చూపించాడు. కైరో నడిబొడ్డున మా ఇళ్లు కూల్చి మమ్మల్ని ఈ ఎడారిలో పారేసిన రోజున కూడా ఇలాంటి బొమ్మలే చూపించారు. వాటిలో రైలు మా గుమ్మం ముందే ఆగింది.

నాకు కావలసింది ఆ రైలే. ఆస్పత్రిలో కత్తెరలూ పళ్లేలూ కడిగి ఉడకబెట్టే పని నాది. మూడు మైక్రోబస్సులు మారి వెళ్లాలి. ఇంకొక్కసారి ఆలస్యమైతే రావద్దని సూపర్‌వైజర్ తేల్చి చెప్పేసింది.

"మీ పేటలో ఎక్కేవాళ్లే లేరు హాగ్గా," అన్నాడు బహ్గత్, పెద్దావిడలను పిలిచే మర్యాద పిలుపుతో. "మూడు రోజులు పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా మావాళ్లు లెక్కపెట్టారు. మొత్తం కలిపి పదకొండు మంది."

"ఎక్కడ నిలబడి లెక్కపెట్టారు నాయనా?"

"ఇంకెక్కడ, బస్టాపులో."

హాలంతా గొల్లున నవ్వింది. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఆ బోర్డు పాతినప్పటినుంచి అక్కడ ఒక్క బస్సూ ఆగలేదు. మేమంతా నిలబడేది వంతెన దిగే చోట. మైక్రోబస్సు నెమ్మదించేది అక్కడే. వేళ్లతో సైగ చేస్తే ఎక్కడికి పోవాలో డ్రైవరుకు తెలిసిపోతుంది. కైరోలో పసిపిల్లలకు తెలిసిన ఈ ముక్క కైరోకి రైలు గీసేవాడికి తెలియదు.

"నువ్వెప్పుడైనా మైక్రోబస్సు ఎక్కావా బాబూ?"

"నా సంగతెందుకు హాగ్గా?"

"ఎందుకా? పెళ్లికూతురి ఇంటికి వెళ్లకుండానే పిల్ల నచ్చలేదన్నట్టుంది నీ లెక్క. రేపు వంతెన దగ్గరికి రా, చూపిస్తా."

జనం పట్టుపట్టడంతో వస్తానని ఒప్పుకున్నాడు.

మర్నాడు అయిదున్నరకు వెళ్లేసరికి అక్కడ పోలీసులున్నారు. పెద్ద ఇంజనీరు వస్తున్నాడట, దారి శుభ్రంగా కనపడాలట. వచ్చిన మైక్రోబస్సును వచ్చినట్టే మళ్లించేస్తున్నారు.

"ఇక్కడ గుంపు కట్టొద్దు. పెద్ద రోడ్డుకి పోయి ఎక్కండి," అన్నాడు ఆఫీసరు.

"అయ్యా, ఆయనొచ్చేదే ఈ గుంపును చూడ్డానికి."

"నాకు చెప్పింది అది కాదు హాగ్గా."

పెద్ద రోడ్డు రెండు కిలోమీటర్లు. అందరూ నడక మొదలుపెట్టారు.

"పద ఇన్సాఫక్కా," అంది పక్కింటి వగీదా. "పనే పోతే స్టేషన్ పెట్టుకుని ఏం చేస్తావ్?"

ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. కానీ ఎవరో ఒకరు ఉండి చెప్పకపోతే ఆ పదకొండే మా నుదుటి రాతయిపోతుంది. పోలీసు ఎంత కసిరినా నేను కదలలేదు.

ఏడున్నరకు బహ్గత్ కారు దిగాడు. ఖాళీ రోడ్డును అటూ ఇటూ చూశాడు.

"ఏరీ మీ జనం?"

"నువ్వొస్తున్నావనే తరిమేశారు. అదుగో, ఆ ఆఫీసరునడుగు."

అతను అడగలేదు. అడిగితే నిజం తెలుస్తుందని అతనికీ తెలుసు.

"కళ్లతో చూసిందే రాయగలను హాగ్గా," అంటూ కాగితం తీశాడు. తొంగి చూశాను. తేదీ, వేళ, వాటి పక్కన ఒకటి అని రాశాడు.

ఆ ఒకటి నేనే. ఆస్పత్రి చేరేసరికి పదిన్నర దాటింది. నా ఏప్రన్ కట్టుకుని వేరే అమ్మాయి కత్తెరలు కడుగుతోంది. ఇక రేపటినుంచి బహ్గత్ రాసుకున్న ఆ ఒకటి కూడా తప్పే.