తాళం వేసిన బోర్డు

పొద్దుటి నుంచి కడుతున్న భవనం బేస్‌మెంటులో ట్రిప్ స్విచ్ ఏడుసార్లు పడింది. కరెంటు ఎక్కడ లీకైనా ఠక్కున సరఫరా ఆపేసే స్విచ్ అది. నేలంతా చెమ్మ. అన్నయ్య రాళ్లు కోసే మిషను వైరుకు రెండు చోట్ల టేపు.

"ఏం సేఫ్టీ సారూ, నీ స్విచ్చికి నిద్రజబ్బా? నాలుగు రాళ్లు కొయ్యకముందే పడకేస్తోంది" అన్నాడు అన్నయ్య. తను ఈ రాళ్లు కోసే పని చేస్తూనే నన్ను డిగ్రీ దాకా చదివించాడు. నాకిక్కడ సేఫ్టీ ఆఫీసరు ఉద్యోగం వచ్చినప్పటి నుంచి నలుగురిలో సారూ అనే పిలుస్తాడు.

"వైరు మార్చేదాకా మిషను ముట్టుకోకు అన్నయ్యా."

"మార్చేది రేపట. పని ఇవాళ్టిది."

ఇంకా గద్దిస్తే అందరి ముందూ చిన్నబోతాడని ఊరుకున్నాను. అంతలో కరెంటు మేస్త్రి వచ్చి, "సరిచేశా, ఇక పడదు" అన్నాడు. లైట్లు వెలుగుతున్నాయి కదా అని, ఇంకెవరూ కెలకకుండా బోర్డు పెట్టెకు తాళం వేసి, తనిఖీ పుస్తకంలో సంతకం పెట్టి మూడో అంతస్తుకు వెళ్లిపోయాను. మూత తీసి చూడలేదు.

అరగంటకు కింది నుంచి కేకలు. "కరెంటు ఆపండి, ఆపండి."

మెట్లు ఎలా దిగానో తెలియదు. అన్నయ్య తడినేల మీద పడి ఉన్నాడు. మిషను చేతికి అంటుకుపోయింది. పళ్లు బిగుసుకుపోయాయి. పీకడానికి ప్లగ్గు లేదు, వైరు నేరుగా పెట్టెలోకే వెళ్తుంది. మేస్త్రి సుత్తితో తాళం బాదుతున్నాడు.

"తాళంచెవి, బాబూ, తాళంచెవి."

రెండుసార్లు తాళంచెవి రంధ్రం తప్పింది. మూడోసారికి తెరుచుకుంది. లోపల, కరెంటు ట్రిప్ స్విచ్‌ను తప్పించుకుని పోయేలా కట్టిన రాగితీగ. మెయిన్ స్విచ్ దించాను.

అన్నయ్యకు ఊపిరి లేదు.

శిక్షణలో రబ్బరు బొమ్మ మీద నేర్చుకున్నదే. రెండు చేతులూ రొమ్ము నడుమ పెట్టి ముప్పైసార్లు నొక్కడం, రెండుసార్లు నోట్లోకి గాలి ఊదడం. మేస్త్రి పక్కనే కూలబడి, "మీ అన్నే పడకుండా చెయ్యమన్నాడు, అందుకే..." అని గొణుగుతున్నాడు.

"పైకెళ్లి అంబులెన్సుకు దారి చూపించు."

"మీ వదినమ్మకు చెప్పనా?"

"ఏమని చెప్తావు? వెళ్లు."

నా అరచేతి కింద పక్కటెముక పటుక్కుమంది. ఆపలేదు. ఎన్ని ముప్పైలయ్యాయో లెక్క తప్పింది. అన్నయ్యా, తిట్టు, సారూ అను, ఏదో ఒకటి అను.

అంబులెన్సు మనిషి నన్ను పక్కకు నెట్టి, అన్నయ్య మెడ మీద వేళ్లు పెట్టి చాలాసేపు నాడి చూశాడు.

"కొట్టుకుంటోంది" అన్నాడు.

నా చేతులు మాత్రం గాల్లో ఇంకా నొక్కుతూనే ఉన్నాయి.