రెండు నంబర్లు, ఒక్క ఫోను

పుత్తూరులో ఎముకల కట్లు కట్టే వీధి చివర ధర్మేంద్ర సెల్‌ఫోన్ల అంగడి ఉంది. చేతికి కట్టు కట్టించుకున్నవాళ్లు బస్సుకు పోతూ పోతూ, పనిలో పనిగా రెండో చేత్తో ఫోను తీసి అతని ముందు పెడతారు. నెట్టు రావడం లేదంటారు, మధ్యలో మాట తెగిపోతోందంటారు. ధర్మేంద్ర దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నాలుగు నొక్కులు నొక్కి, బాగుచేసి ఇచ్చేస్తాడు. ఫోను విషయంలో ధర్మేంద్ర చెప్పిందే వేదమని ఊళ్లో పేరు. ఆ పేరు చూసుకుని అతనికి కాస్త తలబిరుసు కూడా ఉంది. అది లేకపోతే ఈ కథే లేదు.

అతని భార్య నందిని, సొంత అక్క ఆదిలక్ష్మమ్మ కూతురే. రెండు కిడ్నీలూ పాడైపోయి మూడేళ్లుగా డయాలసిస్ మీద బతుకుతోంది. తన కిడ్నీ ఇస్తానని ధర్మేంద్ర ముందుకొచ్చాడు, పరీక్షల్లో కుదరదన్నారు. ఆదిలక్ష్మమ్మకు షుగరు. ఇక మిగిలింది ఒకటే దారి. ఎక్కడో ఎవరో చనిపోయి, వాళ్లవాళ్లు పెద్ద మనసు చేసుకుని అవయవాలు దానం చేస్తే, వరుసలో ఉన్నవాళ్లకు ఆస్పత్రి నుంచి ఫోను వస్తుంది. గంటలోపు అందుకోకపోతే ఆ కిడ్నీ వరుసలో తర్వాతివాళ్లకు పోతుంది.

తిరుపతి ఆస్పత్రిలో పేరు నమోదు చేసిన రోజున, ఫారంలో రెండు ఫోను నంబర్లు రాయమన్నారు. రెండోది ఇంట్లో ఇంకొకరిదైతే మంచిదని, ఆ పని చూసే రూపశ్రీ అనే ఆమె మరీ మరీ చెప్పింది. ధర్మేంద్ర తన నంబరు రాశాడు, దాని కింద నందిని నంబరు రాశాడు. నందిని సిమ్ము కూడా అప్పటికే అతని ఫోనులోనే ఉంది.

“మా అక్కకు ఫోను ఎత్తేదే సరిగ్గా రాదు మేడం. ఏ నంబరుకు చేసినా నేనే ఎత్తాల. నా ఫోను మోగకుంటే ఇంగ ఈ ఊర్లో ఎవురి ఫోనూ మోగదు” అన్నాడు.

ఆ రోజు నుంచి ఫోను అతన్ని వదిలి ఎరగదు. స్నానానికి పోతే గూట్లో, పడుకుంటే చెవి పక్కన. తాగిన నీళ్లు ఒంట్లోనే నిలిచిపోయి ఊపిరికే అడ్డం పడతాయి కాబట్టి, నందినికి రోజుకు నాలుగు చిన్న గ్లాసుల నీళ్లే కొలత. వేసవిలో పుత్తూరు ఎండకు నాలుక పిడచకట్టుకుపోతున్నా, ఆ మనిషి కొంగు తడి చేసుకుని పెదాలు అద్దుకునేదే కానీ అయిదో గ్లాసు ముట్టలేదు. కిడ్నీ వచ్చాక చెంబెత్తి గటగటా తాగుతానని చెప్పేది. అతను ఇంట్లో అడుగు పెట్టినప్పుడల్లా ఒకటే అడిగేది, ఫోను వచ్చిందా అని. రాలేదనేవాడు. వస్తుందిలే అని తనే మళ్లీ అతనికి ధైర్యం చెప్పేది.

మనిషి చేతిలో లేని పని దేవుడి చేతిలో పెట్టడం మామూలే కదా. నందినికి కిడ్నీ దొరకాలని, తిరుమలలో అంగప్రదక్షిణం చేస్తానని ధర్మేంద్ర మొక్కుకున్నాడు. తడిబట్టలతో గుడి చుట్టూ పొర్లడానికి టోకెన్ ఉండాలి. అది ఆన్‌లైన్‌లో పదిగంటలకు వదిలితే కళ్లు మూసి తెరిచేలోగా అయిపోతుంది. నాలుగు నెలలు వరుసగా ప్రయత్నించాడు. నాలుగుసార్లూ సరిగ్గా పేర్లు పెట్టే సమయానికి అతని ఫోను ఫోర్‌జీ నుంచి టూజీకి జారిపోవడం, తెర మీద సున్నా గిరగిరా తిరగడం, టోకెన్లు అయిపోవడం. ఊరందరి ఫోన్లకూ వైద్యం చేసేవాడికి ఇంతకంటే తలవంపులు ఏముంటాయి?

అయిదో నెల, ఒక గురువారం పొద్దున, మందు వేయాల్సిందే అనుకున్నాడు. ఓటీపీ వచ్చి సైటు లోపలికి పోయాక, స్టారు, హ్యాషు, అంకెలు కొట్టి ఫోనులో దాగి ఉండే మెనూ తెరిచాడు. మామూలు జనానికి ఆ మెనూ ఉన్నట్టే తెలియదు. అందులో నెట్‌వర్క్ రకం దగ్గర ‘ఫోర్‌జీ మాత్రమే’ అని పెట్టాడు. ఒక సిమ్ము మొరాయిస్తే రెండోది అందుకుంటుందని, రెండింటికీ అదే పెట్టాడు. ఇక ఫోను కిందికి జారదు.

అయితే అందులో ఒక తిరకాసు ఉంది. కొత్త ఫోన్లలో మాట కూడా ఫోర్‌జీ మీదే వస్తుంది. ధర్మేంద్రది పాత ఫోను, దానికి మాట వచ్చే దారి టూజీయే. ఆ దారి మూసేస్తే నెట్టు పరుగులు తీస్తుంది, వాట్సాప్ టంగుమంటుంది, సిగ్నల్ గీతలు నాలుగూ నిండుగా కనిపిస్తాయి, ఒక్క ఫోను మాత్రం రాదు. చేసినవాళ్లకు స్విచాఫ్ అని వినిపిస్తుంది. ఇది ధర్మేంద్రకు తెలియనిది కాదు. ఎవరి ఫోనుకు ఆ మందు వేసినా, పని కాగానే మళ్లీ మార్చుకోండి అని హెచ్చరించి మరీ పంపేవాడు. అతనికి చెప్పడానికి మాత్రం ఆ పూట అంగట్లో ఎవరూ లేరు.

పదీ నాలుగుకు టోకెన్ దొరికింది. తెర మీద తన పేరు చూసుకుని ధర్మేంద్ర కళ్లు తుడుచుకున్నాడు. ఎదురు అంగడి మునిప్రసాద్‌ను పిలిచి చూపించాడు, వాట్సాప్‌లో పదిమందికి పంపాడు, పదిమందీ గోవిందా అని జవాబిచ్చారు. ఆ సంబరంలో ఫోను జేబులో పడేసి బేరాల్లో మునిగిపోయాడు.

మధ్యాహ్నం అన్నానికి ఇంటికి పోయి చెబితే, ఆదిలక్ష్మమ్మ అప్పటికప్పుడు పసుపుగుడ్డలో రూపాయి బిళ్ల పెట్టి ముడుపు కట్టింది. నందిని మామూలు ప్రశ్నే అడిగింది. రాలేదన్నాడు.

“స్వామి పిలిచినాడు కదా మామా. ఇంగ వాళ్లూ పిలుస్తారు, సూడు” అంది. చాలా రోజుల తర్వాత ఆమె ముఖంలో నవ్వు చూసి అతను రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

నాలుగు కావస్తుండగా వడమాలపేట నుంచి నిర్మలమ్మ అనే ఆమె వచ్చింది. కూతురితో వీడియోలో మాట్లాడుతుంటే బొమ్మ ఆగిపోతోందట. ఆమెదీ పాత ఫోనే. ధర్మేంద్ర దాగిన మెనూ తెరిచి ‘ఫోర్‌జీ మాత్రమే’ పెట్టి, ఎప్పుడూ చెప్పే మాట అలవాటుగా అందుకున్నాడు.

“మాట్లాడేసినాక మళ్లా మార్పించుకో అమ్మా. మర్చిపోతే నీకు ఫోన్లు...”

మాట అక్కడే ఆగిపోయింది. జేబులోంచి ఫోను తీశాడు. గీతలు నాలుగూ నిండుగా ఉన్నాయి. రెండు సిమ్ములకూ పాత సెట్టింగు పెట్టాడు. గీతలు ఒక్కసారి పోయి, మళ్లీ వచ్చాయి. ఆ వెంటనే మెసేజీలు పడటం మొదలైంది. మీరు అందుబాటులో లేనప్పుడు ఈ నంబరు నుంచి ఫోను వచ్చిందని. పదకొండూ ఆరుకు. పదకొండూ తొమ్మిదికి. తర్వాత నందిని సిమ్ముకు. మళ్లీ అతని సిమ్ముకు. అన్నీ కలిపి ఏడు. ఆ నంబరు అతనికి కంఠతా వచ్చు. మూడేళ్లుగా ఆ నంబరు తెర మీద కనిపిస్తుందని కలలు కన్నాడు. ఏమైందని నిర్మలమ్మ అడుగుతూనే ఉంది, అతనికి వినపడలేదు.

ఫోను చేస్తే రూపశ్రీయే ఎత్తింది. ఆమె కోప్పడి ఉంటే బాగుండేది. రెండు నంబర్లకూ మార్చి మార్చి చేశామని, ఇంకో నంబరు ఉందేమోనని ఫారమంతా వెతికామని మెల్లగా చెప్పింది. ఇప్పుడు బయలుదేరితే గంటలో వచ్చేస్తామన్నాడు ధర్మేంద్ర.

“పన్నెండు దాటేదంకా సూసినాము సార్. తర్వాతివాళ్లు వచ్చేసినారు. ఇప్పుడు ఆపరేషన్ థియేటర్లో ఉండారు” అంది.

మళ్లీ ఎప్పుడని అడిగాడు. అది ఎవరూ చెప్పలేరంది.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదంటారు. ఆ పూజారి తనే అయినప్పుడు మనిషి ఎవరిని తిట్టుకోవాలి? టవర్‌నా, ఆస్పత్రినా, కొండ మీది స్వామినా? గంట ప్రయాణం దూరంలో నందిని ప్రాణం వచ్చి కూర్చుని, ఏడుసార్లు తలుపు తట్టి వెళ్లిపోయింది. ఆ సమయంలో తను టోకెన్ దొరికిందన్న మురిపెంతో బేరాలు చేసుకుంటున్నాడు. ధర్మేంద్ర షట్టరు దించి, లోపల చీకట్లో ఫోన్ల పెట్టెల మధ్య కూర్చుని నోట్లో గుడ్డ కుక్కుకుని ఏడ్చాడు.

పొద్దుగూకే వేళకు ఇల్లు చేరాడు. గడప మీద నందిని కూర్చుని ఉంది. ఆనాటి నాలుగో గ్లాసులో సగం నీళ్లు రాత్రి మాత్రలకని పక్కన మూతపెట్టి ఉంచుకుంది.

“ఫోను వచ్చిందా మామా?”

రాలేదంటే సరిపోయేది. మూడేళ్లుగా చెప్పే మాటే, ఇంకొక్కసారి చెబితే ఎవరికీ తెలిసేది కాదు. దారి పొడవునా అదే అనుకుంటూ వచ్చాడు. ఆమె ముఖం చూశాక నోరు అబద్ధానికి తిరగలేదు.

“వచ్చింది. ఏడుసార్లు చేసినారు. టోకెన్ కోసరం సెట్టింగు మార్చి నేనే రాకుండా చేసినాను” అన్నాడు. అంతా చెప్పాడు. థియేటర్ దాకా చెప్పాడు.

ఆదిలక్ష్మమ్మ గోడకు చేరగిలబడి, తమ్ముణ్ణి తిట్టలేక, కూతుర్ని చూడలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నందిని ఏడవలేదు. ఎవరికి పెట్టారని అడిగింది. చెప్పరన్నాడు. ఆమె తల ఊపి, గోడ పట్టుకుని లేచి, వంటింట్లోకి పోయింది. బిందె మీద మూత తీసిన చప్పుడు వినిపించింది.

ధర్మేంద్ర వెనకే పోయాడు. ఆమె చెంబు నిండా ముంచుకుని, తలెత్తి, గొంతులోకి గటగటా పోసుకుంటోంది. నీళ్లు గడ్డం మీదుగా కారి చీర తడిసిపోతున్నాయి. చెంబు ఖాళీ చేసి, ఊపిరి తీసుకుని, మళ్లీ బిందెలో ముంచింది. ఆపమని ఇంట్లో ఎప్పుడూ చెప్పేది అతనే. ఆ పూట అతను వంటింటి గడప దాటలేదు.