ఇల్లు పట్టిన వల

నేను ఒక వలను. పాతదాన్నే, కానీ పారేసేదాన్ని కాదు, తొందరపడకండి. గురయ్య అనే ముసలాయన పడవ నీడన కూర్చుని, రెండు వానాకాలాలు వెదురు సూదితో నన్ను అల్లాడు. ముడికొక తిట్టు తిట్టేవాడు. సముద్రాన్నో, కొడుకునో, నన్నో నాకు తెలీదు. నా ముళ్ళు అంత గట్టిగా ఉండడానికి ఆ తిట్లే కారణమని ఊళ్ళో అనుకునేవారు.

ఆయన పోయాక కొడుకు ఎల్లాజీ చేతికొచ్చాను. ఆరేళ్ళు కలిసి వేటకెళ్ళాం. తర్వాత రాళ్ళకు పట్టి చిరిగి, మూలపడ్డాను. "అయ్య సేతి వల. బాగు సేసి మళ్ళీ ఏటకి అట్టుకెళ్తాను" అంటాడు ఎల్లాజీ. మూడేళ్ళుగా అంటూనే ఉన్నాడు. మనుషులకి బాగుచెయ్యడం కన్నా బాగుచేస్తాననడం ఎక్కువ ఇష్టం.

ఓ ఉదయం మైకు ఆటో వచ్చింది. మధ్యాహ్నానికి తుపాను గాలి, ఇంటి కప్పులు జాగ్రత్త అని. ఎల్లాజీ పడవను పైకి లాగడానికి రేవుకి పరుగెత్తాడు. తాటాకింట్లో మిగిలింది అతని భార్య ముత్యాలు, నెలన్నర పాప, తల్లి కాసులమ్మ. పోయినేడు గాలికి సగం కప్పు లేచిపోయింది. అప్పుడు పాప లేదు. ముత్యాలు కప్పుకేసి చూస్తుంది, ఉయ్యాలకేసి చూస్తుంది, మళ్ళీ కప్పుకేసి.

"అత్తా, కప్పెగిరిపోతే ఉయ్యాల్లో గుంట తడిసిపోతాది!"

"ఎగిరిపోడానికి ఆకుకి రెక్కలున్నాయేటే? వలేసి కట్టీదాం, పట్టు."

మా తీరంలో అంతే. గాలి రాకముందే కప్పు మీద పాత వల పరిచి, అంచులకు రాళ్ళు కట్టేస్తారు. అత్తాకోడళ్ళు నన్ను విసిరారు. మొదటిసారి కోడిపెట్టను పట్టాను. రెండోసారి దారినపోతున్న సూరమ్మను, నెత్తిన బిందెతో సహా.

"నాను సేపలాగ కనిపిస్తన్నానేటే, కాసులూ?" అని లోపల్నుంచి సూరమ్మ ఒకటే గోల. ముగ్గురూ నవ్వి నవ్వి ఇసకలో కూలబడ్డారు. మూడోసారి ముగ్గురూ కలిసి విసిరితే కప్పెక్కాను. పుట్టి బుద్ధెరిగాక నేను కిందికి మునగడమే గానీ పైకెక్కింది లేదు. ఆహా, ఏం ఎత్తు!

సూరమ్మ తన ఇంటికి పోయింది. పాప ఏడిస్తే ముత్యాలు లోపలికెళ్ళి తలుపు వేసుకుంది. కాసులమ్మ మొగుడి ముళ్ళే వేస్తూ, మొగుడి తిట్లే తిడుతూ ఇంటిచుట్టూ రాళ్ళు కట్టింది. చివరి రాయి బిగించి, నడుం మీద చెయ్యేసుకుని మురిపెంగా చూసింది. ఇల్లు నా కిందుంది. తలుపూ నా కిందే ఉంది. తను మాత్రం బయటుంది.

"అత్తా, ఎక్కడున్నావు?"

"బయటే ఉండిపోనానే!"

అప్పుడే చినుకులు పడ్డాయి. ఎల్లాజీ పరుగెత్తుకొచ్చి, వలలో పడ్డ తన ఇంటిని చూసి నోరు తెరిచాడు. ముడి విప్పబోతే తడికి ఇంకా బిగుసుకుంది. కత్తి తీశాడు. ఆగాడు. "అయ్య సేతి వల..."

"మావా! గుంట లోపల, మీ అమ్మ బయట, నువ్వు వలని సూసి ఏడుస్తన్నావా? కొయ్యి!" అని లోపల్నుంచి ముత్యాలు.

"కోసీరా నాయనా" అంది కాసులమ్మ, తడుస్తూ. "మీ అయ్యే ఉంటే పళ్ళతో కొరికీసీవోడు."

చూరు నుంచి నేల దాకా కోశాడు. నొప్పా? నిజం చెబితే గిలిగింత. ఇద్దరూ లోపలికి దూరారు.

వెనకే గాలి దిగింది. అది కప్పును పైకి లాగింది, నేను కిందికి లాగాను. సొరచేప కూడా నన్నంత గుంజలేదు. ఎవరిదో గంప, ఎవరిదో లుంగీ నా మీంచి ఎగిరిపోయాయి. కప్పు కొనన వెన్నుగాడి మీది రెండు తాటాకులు జారబోతే ఒడిసిపట్టాను. "ఆగిందా? ఆగిందా?" అని లోపల ముత్యాలు అడుగుతూనే ఉంది. ఇంకా వెలుతురుండగానే ఆగింది.

సముద్రంలో నాకు చిక్కినదేదీ బతికి బయటపడలేదు. ఆ సాయంత్రం మాత్రం నలుగురు వంగి వంగి నా కోతలోంచి బయటికొచ్చారు. ముత్యాలు వెలుతుర్లో పాపను తడిమి చూసి కెవ్వుమంది.

"అత్తా, తడిగుంది! కప్పు కారీసినాది!"

కాసులమ్మ చెయ్యి పెట్టి చూసింది, వాసనా చూసింది.

"కప్పు కాదే ఎర్రిదానా, కారింది నీ కూతురు."