ముట్టుకోరాని పనిముట్టు

కామేశ్వరరావుని ఆ వీధిలో ఇప్పటికీ ఫోర్‌మన్ గారనే అంటారు. తణుకు నుంచి ప్రభుత్వ రంగ కర్మాగారంలో ఉద్యోగానికని వచ్చి, డిగ్రీ లేకుండానే పైకొచ్చి, నలుగురిలో ఫోర్‌మన్ అనిపించుకుని, పటాన్‌చెరులోనే చిన్న ఇల్లు కట్టుకుని రిటైరయ్యాడు. చేతికి గ్రీజు అంటించుకునేవాడు వర్కరు, ఆ చేతికి చీవాట్లు అంటించేవాడు ఫోర్‌మను అన్నది సర్వీసులో ఆయన సిద్ధాంతం. అందుకే కాబోలు, ముప్ఫై మూడేళ్ళలో ఆయన చొక్కా మడత నలగలేదు.

అలాంటి మనిషి ఇప్పుడు రోజూ ఇడ్లీ పిండి రుబ్బుతున్నాడని వీధిలో ఒక్కరికీ తెలియదు.

తెలియకూడదనే షరతు మీదే రుబ్బుతున్నాడు. గేటుకి వేలాడే "ఇడ్లీ, దోసె పిండి అమ్మబడును" బోర్డు భార్య నాగరత్నం పెట్టించింది. కొల్లూరు డబుల్ బెడ్రూమ్ ఇళ్ళ కాలనీ దగ్గర మూడు టిఫిన్ బళ్ళవాళ్ళు, వీధిలో పదీ పన్నెండు ఇళ్ళవాళ్ళు ఖాతాదారులు. మొదట్లో అంతా ఆవిడే చేసుకునేది. ఏడాది తిరిగేసరికి కుడి భుజం పట్టేసి చెయ్యి పైకి లేవడం మానేసింది. చెయ్యి పడిపోయిందని వ్యాపారం పడిపోనిస్తే ఇల్లు గడవదు. ఆయన పెన్షను మందుల షాపు దాకా వెళ్ళి అక్కడే ఆగిపోతుంది.

"నేను రుబ్బుతాను. కానీ రుబ్బినట్టు నువ్వు నలుగురికీ చెప్పకూడదు," అన్నాడు కామేశ్వరరావు. ఆవిడ ఒట్టు పెట్టింది. అప్పటి నుంచి పప్పు నానబొయ్యడం దగ్గర నుంచి డ్రమ్ము కడగడం దాకా ఆయనే. గేటు చప్పుడైతే మాత్రం చేతులు తుడుచుకుని ముందు గదిలో పేపరు పట్టుకుంటాడు. నాగరత్నం పొడి చేతుల్ని కొంగుకి తుడుచుకుంటూ గేటు దగ్గరికి వెళుతుంది. ఈ నాటకం రెండేళ్ళుగా హౌస్‌ఫుల్‌గా నడుస్తోంది. చూసేవాళ్ళకి అది నాటకమని తెలియదు, అంతే.

ఈ అవస్థ చాలదన్నట్టు మీద ఒక చిట్టీ వచ్చి పడింది. పేరుకే చిట్టీగానీ అది చిట్టిది కాదు. కర్మాగారంలో తన కింద పనిచేసిన మహేంద్ర ఆ చిట్టీ పాడుకుంటే కామేశ్వరరావు జామీను సంతకం పెట్టాడు. మహేంద్ర ముందు ఫోను నంబరు మార్చాడు, తర్వాత ఇల్లు మార్చాడు, చివరికి రాష్ట్రమే మార్చాడు. డబ్బు పిండుకున్నవాడు వెళ్ళిపోయాడు, పిండి రుబ్బుకునేవాడు దొరికాడు. కోర్టు కాగితాలు వచ్చిన ప్రతిసారీ, నేను పైసా ముట్టుకోలేదు, నన్నెవరు ముట్టుకుంటారు అని వాటిని గోడ క్యాలెండరు వెనక దోపేశాడు. క్యాలెండరు వెనక దాచినంత మాత్రాన తారీకులు ఆగవు గదా! డిగ్రీ లేకుండా ఫోర్‌మన్ అయినవాడి మీద డిక్రీ వచ్చి కూర్చుంది.

ఏప్రిల్ నెలలో ఒక మంగళవారం, ఉదయం పదకొండింటికి వెనక వరండాలో గ్రైండరు మినపపప్పుతో తిరుగుతూ ఉండగా గేటు చప్పుడైంది. కామేశ్వరరావు అలవాటు ప్రకారం చేతులు తుడుచుకుని పేపరు వెనక్కి వెళ్ళిపోయాడు. గేటు బయట ఒక ట్రాలీ ఆటో, దాని ముందు ఇద్దరు మనుషులు. నెరిసిన గడ్డం ఉన్న పెద్దమనిషి చేతిలో ఫైలు. పక్కన టక్కు చేసుకున్న కుర్రాడి చేతిలో టేపు. కొలిచే టేపు కాదు, సామాన్లకి చుట్టే టేపు.

"కామేశ్వరరావు సార్ ఇల్లు గిదేనా అమ్మా? నా పేరు సమద్. సంగారెడ్డి కోర్టు అమీనాను," అన్నాడు పెద్దమనిషి.

నాగరత్నం తల లోపలికి తిప్పి, "ఏమండీ, కోర్టు వారు వచ్చారు," అంది. ఆవిడ గొంతు తగ్గింది గానీ, అప్పటికే కుర్రాడి గొంతు పెరిగింది.

"ఓ పెద్దాయనా! బైటికి రా! చిట్టీ పైసలు ఎగ్గొట్టి ఇంట్ల పేపర్ సదువుకుంటున్నవా? గల్లీ అంత ఇనాలె!"

"కుమార్!" అన్నాడు సమద్, వెనక్కి తిరగకుండానే. "నువ్వు చిట్‌ఫండ్ కంపెనీ మనిషివి. సామాన్లు గుర్తుపట్టేటందుకు వచ్చినవ్. వారంట్ నా పేరు మీదున్నది, నీ పేరు మీద లేదు. గల్లీల ఒర్లుడు గందులో రాయలే. నేను చెప్పినంక లోపలికి రా, గప్పటి దనుక గేటు కాడ్నే నిలబడు."

కుమార్ నిలబడ్డాడు. నోరు మాత్రం కూర్చోలేదు, లోలోపల ఏదో నములుతూనే ఉంది.

సమద్ ముందు గదిలోకి వచ్చి వారంటు కామేశ్వరరావు చేతిలో పెట్టాడు. "మంచిగ సదువుకోండ్రి సార్. మొహరు సూడుండ్రి, తారీకు సూడుండ్రి. నా కార్డు గూడ సూడుండ్రి. జల్దీ ఏం లేదు. పొద్దుగూకినంక మాత్రం నేను మీ గడప తొక్కొద్దు, కానూన్ గట్లున్నది. గందుకే పొద్దుగాల వచ్చిన."

కామేశ్వరరావు చదివాడు. తన పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు అన్నీ తప్పుల్లేకుండా ఉన్నాయి. ఒక్క తప్పు ఉన్నా పట్టుకుని వేలాడదామనుకున్నాడు. తప్పంతా వారంటులో కాక, దాని కంటే ముందు పెట్టిన సంతకంలో ఉంది.

"అయితే ఇల్లంతా ఊడ్చుకుపోతారా?" అన్నాడు.

"గట్లెట్ల సార్? కొన్ని నేను ముట్ట. మీ బట్టలు, వంటగిన్నెలు, మంచాలు, పరుపులు, అమ్మ మెడల పుస్తెలు ముట్ట. మిగిలినయి రాస్త. రాసేటప్పుడు పొరుగాయన ఒగలు సాక్షి ఉండాలె. ఎవరినన్న పిలుస్తరా?"

పిలవాల్సిన పని లేకపోయింది. కుమార్ అరుపు ధర్మమా అని ఎదురింటి హరినాథ్ అప్పటికే గుమ్మంలో ఉన్నాడు. హరినాథ్‌ది హత్నూర. పాతికేళ్ళు కామేశ్వరరావు కింద ఫిట్టరు. ఆయన తిరగ్గొట్టిన ప్రతి పనినీ నోరు మూసుకుని మళ్ళీ చేసినవాడు. మనిషి చెడ్డవాడు కాదుగానీ, సారు ఇంట్లో జప్తు జరుగుతుంటే చూడకుండా ఉండేటంత మంచివాడూ కాదు.

"నేనుంట సార్," అన్నాడు వినయంగా. "గింత దానికి పరేషాన్ ఎందుకు!"

సమద్ రాయడం మొదలుపెట్టాడు. టీవీ ఒకటి. సోఫా సెట్టు ఒకటి. టీపాయి ఒకటి. ఫ్రిజ్జు తెరిచి చూస్తే లోపల పాత పేపర్లున్నాయి. అది కిందటి వేసవిలోనే చల్లగా చచ్చిపోయింది. చచ్చినా సరే రాయమన్నాడు కుమార్. రాశారు. కామేశ్వరరావు వీటన్నిటినీ ఎవరో పక్కింటివాళ్ళ సామాన్లు పోతున్నట్టు చూస్తూ కూర్చున్నాడు. టీవీ పోతే వార్తలు రావు, వార్తలు రాకపోతే నష్టమేం లేదు. ఆయన చెవి మాత్రం వెనక వరండా వైపే ఉంది.

కుమార్ చెవి కూడా అటే ఉంది.

"సాబ్, ఎన్క ఏదో మిషిన్ నడుస్తున్నది!"

అందరూ వెనక్కి వెళ్ళారు. పడక కుర్చీ అంత ఎత్తున, ఒంచి పోసే పెద్ద గ్రైండరు, తెల్లటి నురగ కక్కుతూ తిరుగుతోంది. కుమార్ ముఖం ఇడ్లీలా పొంగింది.

"ఇంట్ల అసలు మాల్ గిదే! కొత్తది. టీవీకి రెండు వేలు గూడ రావు, గిది పట్టుకపోతె ఇగ కథ ఒడుస్తది. రాయండి సాబ్."

"అది వంట సామాను నాయనా," అంది నాగరత్నం, గ్రైండరుకి అడ్డంగా నిలబడి. "వంట సామాను ముట్టనని ఇందాక మీరే అన్నారు."

"ఇంటి వంటకైతె ముట్టను తల్లీ," అన్నాడు సమద్. "ఇద్దరు మనుషులకు ఐదు లీటర్ల గ్రైండరా? గేటుకు బోర్డు గూడ ఉండె."

"అయితే ఇది నాది. ఆ కాగితంలో నా పేరు లేదుగా!"

"కరెక్టు మాట. మీదైతె నేను చెయ్యి పెట్ట. బిల్లు సూపిండ్రి."

నాగరత్నం గెలిచినంత వేగంగా బీరువా దగ్గరికి వెళ్ళింది, ఓడినంత నెమ్మదిగా తిరిగొచ్చింది. ఉద్యోగుల కోఆపరేటివ్ స్టోర్సులో తగ్గింపు ధరకి కొన్న గ్రైండరది. తగ్గింపు మెంబర్లకే ఇస్తారు. బిల్లు మీద కామేశ్వరరావు పేరు, దాని కింద కర్మాగారంలో ఆయన టోకెన్ నంబరు అచ్చులో నల్లగా నవ్వుతున్నాయి. అప్పుడు మిగిలిన డబ్బు ఇప్పుడు మింగడానికొచ్చింది.

"సార్‌దే!" అన్నాడు కుమార్, టేపు చివర వెతుక్కుంటూ.

సమద్ కలం తీసి మళ్ళీ ఆగాడు. ఇరవై ఏడేళ్ళుగా జనం గిన్నెల మధ్య తిరిగిన మనిషి. ఏది రాయొచ్చో ఎంత తెలుసో, ఏది రాయకూడదో అంతే తెలుసు.

"ఇంకొక్కటి ఉన్నది," అన్నాడు. "చేతిపని జేసుకొని బతికేటోల్ల పనిముట్లు ముట్టొద్దని ఉన్నది. డిక్రీ సార్ మీద, మిషిన్ సార్‌ది. గీ మిషిన్ మీద పనిజేసి బతికేది గూడ సారే అయితె, గా సంగతి రాసుకొని మిషిన్ ముట్టకుండ పోత. అమ్మ పనిజేస్తది, సార్ పేపర్ సదువుతడు అంటె మాత్రం నాతోని కాదు."

కుమార్ పగలబడి నవ్వాడు. "సారు పిండి రుబ్బుతడా? గల్లీ అంత ఫోర్‌మన్ సార్ అంటున్నరు గదా!"

"సార్ చేత్తోని ఛాయ్ల చక్కెర కలుపుకోంగ గూడ నేను సూడలే," అని హరినాథ్ మర్యాదగా సాక్ష్యం చెప్పాడు. చెప్పి, అది సారుకి ఎంత చేటో ఒక క్షణం ఆలస్యంగా తట్టి నాలిక కరుచుకున్నాడు.

అందరూ కామేశ్వరరావు వైపు చూశారు, నాగరత్నం తప్ప. ఆవిడ గచ్చు వైపు చూస్తోంది. నోరు తెరిచి ఒక్క మాట చెబితే సరిపోతుంది. ఒట్టు పెట్టింది కాబట్టి తెరవలేదు. సాయంత్రానికి మూడు బళ్ళకీ పిండి అందాలి. ఈ రోజు అందకపోతే వాళ్ళు రేపు ఇంకో గేటు వెతుక్కుంటారు. ఇదంతా ఆయనకీ తెలుసు. ఇటు హరినాథ్ నిలబడి ఉన్నాడు. ఒకప్పుడు సరిగా తిప్పని ఒక్క బోల్టుకి, "చేతులా, గరిటెలా అవి?" అని పదిమందిలో ఈ హరినాథ్‌నే అడిగాడు తను. ఇప్పుడు ఆ పదిమందికీ సాయంత్రంలోగా కబురు అందుతుంది. జప్తులో మాన మర్యాదలకి మినహాయింపు ఉందో లేదో సమద్ చెప్పలేదు. మినపపప్పుకి మాత్రం ఉంది.

అంతలో గ్రైండరు గొంతు మారింది.

బయటివాళ్ళకి అది తెలిసే మార్పు కాదు. పిండి గట్టిపడి, డ్రమ్ము అంచులకి పట్టి, పొత్రం ఉత్త రాయి మీద తిరుగుతున్నప్పుడు వచ్చే పొడి మూలుగు అది. అర నిమిషం ఆగితే పిండి వేడెక్కుతుంది, ఇంకో అర నిమిషానికి మోటారు వేడెక్కుతుంది. నాగరత్నం విన్నది. కదల్లేదు.

కామేశ్వరరావు పేపరు మడిచి హరినాథ్ చేతిలో పెట్టాడు. లుంగీ ఎగ్గట్టాడు. పంపు కింద మోచేతుల దాకా చేతులు కడిగి, మూత ఎత్తి, అంచుల మీది పిండిని అరచేత్తో లోపలికి తోశాడు. చారెడు నీళ్ళు చల్లి విన్నాడు. ఇంకో అర చారెడు చల్లాడు. మూలుగు తగ్గి గొంతు మెత్తబడింది. రెండు వేళ్ళ మధ్య పిండి తీసి రాసి చూసి, చెంబులో నీళ్ళ మీద ఇంత వేశాడు. అది దూదిలా తేలింది.

కుమార్ చేతిలో టేపు చివర మళ్ళీ చుట్టకి అంటుకుపోయింది.

"రాసుకోండి," అన్నాడు కామేశ్వరరావు, చేతులు తుడుచుకోకుండానే.

"వృత్తి ఏమని రాయమంటరు సార్?"

"రిటైర్డ్ ఫోర్..." అని ఆగాడు. "పిండి రుబ్బడం. రెండేళ్ళ నుంచి. ఇంకే పనీ లేదు, ఇంకే పనీ రాదు."

"సాబ్, గిది నాటకం! నేను ఒప్పుకోను!" అని కుమార్ తేరుకున్నాడు.

"ఒప్పుకోకు," అన్నాడు సమద్ రాస్తూనే. "మీ వకీలుతోని కోర్టుల జెప్పిచ్చు. సార్ గూడ వకీలును పెట్టుకొని తన మాట తను జెప్పుకుంటడు. జడ్జి సాబ్ తేలుస్తడు. నేను సూసింది నేను రాసిన." క్యాలెండరు వెనక నుంచి తొంగిచూసే కాగితాల్ని ముందు గదిలో ఇందాకే గమనించిన అతను కామేశ్వరరావు వైపు తిరిగి, "కాయితాలు మల్ల గోడకు దోపకుండ్రి సార్. ఈసారి వకీలుకు సూపిండ్రి," అన్నాడు.

టీవీ, సోఫా, టీపాయి, చచ్చిన ఫ్రిజ్జు ఆటో ఎక్కాయి. ముందు గది ఒక్కసారిగా పెద్దదైపోయింది. సాక్షి సంతకం కోసం సమద్ కాగితాన్ని హరినాథ్‌కి ఇచ్చాడు. హరినాథ్ దాన్ని పాత రోజుల్లో డ్రాయింగు చదివినట్టు పై నుంచి కింది దాకా వేలు పెట్టి చదివాడు. "పిండి రుబ్బడం" అన్నచోట వేలు కొంచెం ఎక్కువసేపు ఆగింది. తర్వాత సంతకం పెట్టాడు.

సమద్, కుమార్ ఆటోతోపాటు వెళ్ళిపోయారు. హరినాథ్ వెళ్ళలేదు. గ్రైండరు దగ్గరే నిలబడి మెడ గోక్కున్నాడు.

"ఏమిటోయ్?" అన్నాడు కామేశ్వరరావు. వెటకారం వస్తుందని తెలిసి, ముందే ముఖం గట్టిపరుచుకున్నాడు.

"ఏం లేదు సార్. నాల్గు దినాలసంది మా ఇంట్ల దోశెలు పుల్లగొస్తున్నయ్. అమ్మతోని చెప్తె ఏమనుకుంటదో అని ఊకున్న. మీరని తెల్వదు గదా!"

"పుల్లగానా?"

"మస్తు పులుపు సార్. మా ఇంటామె పారబోసింది."

నాగరత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. కామేశ్వరరావు డ్రమ్ములోకి వంగాడు. ఇంకోసారి వేలు ముంచి, ఈసారి నాలిక మీద పెట్టుకున్నాడు.

"ఎండలు ముదిరాయి. పంపు నీళ్ళు కాలిపోతున్నాయి, ఆ నీళ్ళకి రుబ్బేటప్పుడే పిండి వేడెక్కుతోంది," అన్నాడు చివరికి. "రేపటి నుంచి కుండ నీళ్ళు పోస్తాను. పారబోసిన దానికి డబ్బులివ్వకు."

"సరే సార్," అన్నాడు హరినాథ్. "రేపు నేనే వచ్చి సూస్త."