రాతి మీది చివరి రెండు వరుసలు

మధ్యాహ్నం ఒంటిగంటకు ఆ గాజు భవనం గేటు దగ్గర ఒక అక్క తన తమ్ముడికి క్యారియర్ అందిస్తుంది. తమ్ముడు అక్కడ వాచ్‌మన్. ఇందులో వింతేముంది అని మీరు అడగవచ్చు. అతను కుర్చీ వేసుకుని కూర్చున్న చోటే నాలుగేళ్ళ కిందట వాళ్ళ రాతిపని షెడ్డు ఉండేది. ఆ షెడ్డులో అతను పనివాడు కాదు, యజమాని.

అక్కను అందరూ ఉలక్క అంటారు. శిలాఫలకాలు చెక్కడంలో ఆమెకు పేరుంది. ఆ వీధిలో డిజిటల్ వ్యాపారాల కేంద్రం కడతామనీ, ప్రజాధనం కోట్లలో పెడతామనీ ప్రభుత్వం ప్రకటించినప్పుడు అక్కడున్న పన్నెండు కుటుంబాలూ గుండెలు బాదుకున్నాయి. వాళ్ళకు ధైర్యం చెప్పింది ఉలక్కే. శంకుస్థాపన రాయి చెక్కింది ఆమే కదా! దాని చివరి రెండు వరుసలు ఇవి: "ఈ భవనంలో కింది అంతస్తు ఈ వీధి పనివారిది. వారికి కొత్త పనులు నేర్పి ఇక్కడే చోటు ఇస్తాము."

"నా చేత్తో చెక్కాను. ఇంక అనుమానమెందుకు?" అందామె. తాళాలు బాగుచేసే తాత, పుస్తకాలు కుట్టే దంపతులు, బోర్డులు రాసే బాబాయి ఆమె మాట నమ్మి షెడ్లు ఖాళీ చేశారు.

భవనం లేచింది. కింది అంతస్తు మాత్రం ఆ కేంద్రం డైరెక్టరు బావమరిదికి దక్కింది. అతను అందులో సోఫాలు పరిచి కాఫీ హాలు పెట్టడానికి సిద్ధమయ్యాడు. పన్నెండు కుటుంబాలవాళ్ళూ వంతులవారీగా వెళ్ళి అడిగారు. ప్రతిసారీ తలుపు దగ్గర ఒకటే ప్రశ్న: "అపాయింట్‌మెంట్ ఉందా?" తాత మాత్రం ఉలక్కను ఒక్క మాట కూడా అనలేదు. ఆ అనకపోవడమే ఆమెను కాల్చుకుతింది.

ఒకరోజు డైరెక్టరే ఆమెను పిలిపించాడు.

"చూడమ్మా, ఆ రోజు శంకుస్థాపన రాయి వేసిన ప్రభుత్వ పెద్దాయనే ప్రారంభోత్సవానికీ వస్తున్నారు. తాను వేసిన రాయే ఉండాలని పట్టుబట్టారు. ఆ చివరి రెండు వరుసలూ అరగదీసెయ్."

"ఎందుకండీ?"

"ఎందుకేమిటి? డిజైనుకు అడ్డం. అన్నట్టు మీ తమ్ముడి ఉద్యోగం నా చేతిలోనే ఉంది. గుర్తుందిగా?"

ఉలక్కకు ఒళ్ళు మండిపోయింది. అయినా "అలాగేనండి" అంది. ఆ గొంతులోని నెమ్మది చూసి డైరెక్టరు భయపడి ఉండవలసింది. ఆయన కాఫీ తాగాడు.

విషయం విని తమ్ముడు మండిపడ్డాడు. "ఛీ, అక్కా! మనవాళ్ళకు ఇచ్చిన మాట నువ్వే చెరిపేస్తావా? నా ఉద్యోగం కోసమా? తగలెయ్ ఆ ఉద్యోగాన్ని!"

"అరవకు. పొయ్యి వెలిగించి మైనం కరిగించు."

కరిగిన మైనంలో ఆమె బొగ్గుమసి కలిపింది. అక్షరాల అడుగున ఉన్న తెల్లరంగును ముట్టుకోకుండా, గాడి గాడికీ ఆ మైనం నింపి, నల్లరాయితో సమంగా తీర్చి నూనెగుడ్డతో మెరిపించింది. డైరెక్టరు వచ్చి వేలితో రాసి చూశాడు. "నున్నగా వచ్చింది. శభాష్!" అన్నాడు. అరగదీసిన చోట రాయి పల్లమవుతుంది. ఆ పని తెలిసిన ఎవడైనా అరచెయ్యి ఆనించి పట్టేసేవాడు. ఆయనకు అరచెయ్యి మాసిపోతుందని భయం.

ప్రారంభోత్సవం రోజు జనం, కెమెరాలు, పూలు. తెర లాగే ముందు ఫలకాన్ని చెక్కినవాళ్ళే చివరిసారి తుడవడం ఆ పనిలో ఆనవాయితీ. ఉలక్క కిరసనాయిలు గుడ్డతో తెర వెనక్కి వెళ్ళింది. ఎండకు మైనం అప్పటికే మెత్తబడి ఉంది.

"ఇంకా ఎంతసేపు?" డైరెక్టరు పళ్ళు కొరికాడు.

"నాలుగేళ్ళ దుమ్మండీ. వదలొద్దూ?"

పెద్దాయన తెర లాగాడు. తన పేరు కనబడగానే ముఖం వెలిగిపోయి, మైకు ముందే ఫలకమంతా చదవడం మొదలుపెట్టాడు. చివరి రెండు వరుసలూ గడగడా చదివేశాడు. చదివాక కాని తాను చదివిందేమిటో ఆయనకు తెలియలేదు. ముందు వరుసలో పన్నెండు కుటుంబాలు లేచి నిలబడ్డాయి. డైరెక్టరు ముఖంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు. ఆ ముఖాన్ని ఉలక్క కళ్ళారా, తీరిగ్గా చూసింది. ఈ ఒక్క క్షణం కోసమే ఆమె నెలరోజులు నోరు మూసుకుంది.

పెద్దాయన అమాయకుడేమీ కాదు. ఒకసారి కెమెరాలవైపు, ఒకసారి జనంవైపు చూసి చెయ్యి చాపాడు. "కింది అంతస్తు తాళాలేవయ్యా?"

డైరెక్టరు జేబులోంచి తాళాలగుత్తి తీసి, అందరి ఎదుటా తాతకు అందించాడు. తాత ఆ గుత్తిని పైకెత్తి చూసి, "నాసిరకం తాళాలు. నేను మారుస్తాలే" అన్నాడు. జనం గొల్లుమన్నారు.

మర్నాడు బావమరిది సోఫాలు తీసుకుపోవడానికి వచ్చాడు. తమ్ముడు తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. "అపాయింట్‌మెంట్ ఉందా సార్?"

ఎండలో గంటసేపు నిలబడ్డాడా బావమరిది. లోపల కంప్యూటర్ ముందు బోర్డుల బాబాయి కొత్త అక్షరాలు దిద్దుకుంటున్నాడు.

"పాపం, లోపలికి రానివ్వమ్మా" అన్నాడు తాత.

"ఇంకో గంట ఆగనీ, తాతా. మనం నాలుగేళ్ళు ఆగాం" అంది ఉలక్క. తరువాత అందరికీ వినబడేలా ఇలా అంది: "మనకు ఈ భవనం మీద కోపం లేదు, ఈ కంప్యూటర్ల మీదా లేదు. ఇవి మన డబ్బుతో వచ్చినవే. కానీ ప్రజల సొమ్ముతో కట్టి, ప్రజలకిచ్చిన మాటను అరగదీయాలని చూసినవాడిని మాత్రం ఊరికే వదలకూడదు. వదిలితే రేపు మన పిల్లల చోటునూ అరగదీస్తాడు."