ఇల్లు దాటని ప్రయాణం

డ్రైవరు పొద్దున్నే గడ్డం గీసుకుని, ఖాకీ చొక్కా తొడుక్కుని, వీధి కిటికీ ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. వెళ్ళడానికి పనేం లేదు. బస్సులన్నీ డిపోలో దుమ్ము కొట్టుకుని ఉన్నాయి. గడప దాటితే పోలీసు లాఠీ, దాటకపోతే టీవీ. రెంటిలో ఏ దెబ్బ నయమో తేల్చుకోలేక ఊరు ఊరంతా కిటికీల వెనక నలిగిపోతోంది. ఒక చానెల్లో నిపుణుడు ఆవిరి పట్టమనేవాడు. పక్క చానెల్లో నిపుణుడు పడితే పోతారనేవాడు. ఇద్దరి మధ్యా సబ్బు ప్రకటన.

ఎవరేం చెప్పినా డ్రైవరు కాళ్ళు మాత్రం ఊరుకునేవి కావు. కుర్చీ కింద ఎడంకాలు క్లచ్చు తొక్కేది, కుడికాలు బ్రేకు వెతుక్కునేది.

"నేల అరిగిపోతుందండీ" అనేది భార్య, మిషను మీద మాస్కులు కుడుతూ. ఈమధ్య ఆ వేళాకోళం కూడా మానేసింది. వాళ్ళమ్మ గురించిన బెంగ పట్టుకుంది.

వాళ్ళమ్మ ఊరికి ఆ చివర, ఓ ఇరుకు సందులో ఒంటరిగా ఉంటుంది. పక్కింటాయనకి జబ్బు సోకిందని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. వెంటనే ఒక చానెల్ వాళ్ళు వచ్చి సందంతా వీడియో తీసుకున్నారు. పొరపాటో గ్రహపాటో, ఆయన గుమ్మం బదులు ముసలమ్మ గుమ్మం చుట్టూ తెర మీద ఎర్ర గీత గీశారు. 'మృత్యుసందు' అని పేరు పెట్టి, డప్పుల మోతతో రోజంతా అదే తిప్పి తిప్పి చూపించారు. దాంతో పాలవాడు ఆ వైపు రావడం మానేశాడు. ముసలమ్మ కిటికీలన్నీ బిగించుకుని టీవీ ముందు కూర్చుంది.

"అమ్మా, ఏమైనా తిన్నావా?" అని అడిగింది కూతురు ఆ రోజు ఫోన్లో.

"దేనికే తినడం? పక్కింటాయన పోయాడట. ఇక నా వంతే. నా గుమ్మం టీవీలో చూపిస్తున్నారు, ఊరికే చూపిస్తారా?"

"నేనొస్తున్నా, ఉండు."

"వచ్చావంటే తలుపు తియ్యను. నాతోపాటు నువ్వెందుకే పోవడం!"

ఫోన్ పెట్టేసి కూతురు భోరున ఏడ్చింది. బయటికి వెళ్ళే పాసు కోసం అంతకుముందే ఆఫీసు వాళ్ళని బతిమాలింది. "భయానికి పాసు ఇవ్వమమ్మా, జబ్బు చేస్తే రండి" అన్నారు. ఇలాగే పస్తులుంటే ముసలి ప్రాణం ఎన్నాళ్ళు నిలుస్తుంది? డ్రైవరు భార్య ముఖం చూశాడు. ఓదార్చడం ఆయనకి చేతకాదు. క్లచ్చు తొక్కాడు, ఈసారి గట్టిగా.

ఇల్లు కదిలింది.

"చెప్పి తియ్యొచ్చుగా! పాలు ఒలికిపోయాయి" అంటూ భార్య వంటింట్లోకి పరిగెత్తి స్టవ్ కట్టేసింది.

పక్కింటావిడ కిటికీలోంచి కేకేసింది. "ఏమ్మోయ్, మా దండెం మేకు మీ గోడకే ఉంది! బట్టలన్నీ ఈడ్చుకుపోతున్నారు!"

డ్రైవరు బ్రేకు వేశాడు. ఆవిడ బట్టలు లాక్కున్నాక మళ్ళీ బయల్దేరాడు. ఇల్లు మలుపు తిరిగి, ఇన్నేళ్ళూ ఆయన బస్సు నడిపిన రోడ్డే పట్టింది. స్టాపు వచ్చిన చోటల్లా ఆగింది కూడా.

"అమ్మ అక్కడ పస్తులుంటే ఖాళీ స్టాపుల్లో ఆపుతారేంటండీ?"

"ఆపకపోతే కాలు వినదే. ఏం చెయ్యను?"

ఆసుపత్రి స్టాపులో మాత్రం ఒక నర్సు నిలబడి ఉంది. డ్యూటీ దిగి నడిచిపోవడమే దిక్కనుకుంటున్న మనిషి, అరుగెక్కి ఎడంగా ఓ మూల కూలబడింది. మాటల్లో సందు పేరు చెప్పగానే నవ్వింది.

"అక్కడి పేషెంటా? ఆయన్ని మొన్నే ఇంటికి పంపించాం. వెళ్తూ వెళ్తూ కూడా భోజనం బాలేదని మమ్మల్ని నాలుగు తిట్టి వెళ్ళాడు."

"మరి టీవీలో పోయాడంటున్నారే!"

"బతికాడని చెప్తే డప్పులెలా వేస్తారు?"

కూతురు అప్పటికప్పుడు తల్లికి ఫోన్ చేసింది. ముసలమ్మ నమ్మలేదు. నువ్వు నన్ను ఊరుకోబెట్టడానికి చెప్తున్నావంది.

వంతెన దగ్గర పోలీసు లాఠీ అడ్డం పెట్టాడు.

"ఇల్లు వదిలి బయటికి రావద్దని చెప్పామా లేదా?"

"వదల్లేదండీ. ఇంట్లోనే ఉన్నాంగా" అన్నాడు డ్రైవరు.

పోలీసు ఇంటిని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. బుర్ర గోక్కున్నాడు. "సరే, తలుపేసుకోండి" అని లాఠీ పక్కకి తీశాడు.

చివరి స్టాపులో నర్సు దిగిపోయింది. ఎదురుగా సందు మొదట్లో చానెల్ విలేకరి మైకు పట్టుకుని నిలబడ్డాడు.

"ఇంట్లో ఎవరికైనా దగ్గుందా?"

"లేదు."

"పోనీ జ్వరం?"

"లేదు బాబూ."

విలేకరికి నీరసం వచ్చింది. "జరగండి సార్, మీ ఇల్లు కెమెరాకి అడ్డమొస్తోంది" అన్నాడు.

ఇల్లు మాత్రం జరగలేదు. రూటు అక్కడితో సరి. బస్సు అక్కడినుంచి వెనక్కి తిరగాల్సిందే. ఉద్యోగంలో చేరిన రోజునుంచీ డ్రైవరు ఆ స్టాపు దాటి చక్రం పోనిచ్చింది లేదు. భార్య ఓ నిమిషం చూసింది. రొట్టె సంచిలో పెట్టుకుని గడప వైపు నడిచింది. కాలు కింద పెడితే క్వారంటైన్ శిబిరానికి పట్టుకెళ్తారు, అమ్మ దాకా పోనివ్వరు. అది తెలిసే వెళ్తోంది.

"ఆగు" అన్నాడు డ్రైవరు. "ఆగవే. వస్తుంది బండి."

ఇంటిని వెనక్కి తిప్పి, రివర్సులో సందులోకి పోనిచ్చాడు. చూరు అవతలి గోడకి రాసుకుని సున్నం రాలింది. ఆ చప్పుడుకి ఒక కిటికీ తెరుచుకుంది. తర్వాత ఇంకోటి. మాటా పలుకూ మర్చిపోయినవాళ్ళంతా ఒక్కసారి మొదలెట్టారు.

"రానీ, రానీ!"

"ఎడమకి కొట్టవయ్యా, కుండీ ఉంది!"

"నీ మాట వింటే గోడకి గుద్దుతాడు! కుడికి బాబూ, కుడికి!"

అందరికంటే పెద్ద గొంతు పక్కింటాయనది. ఆసుపత్రిలో తిట్టగా మిగిలిన తిట్లన్నీ డ్రైవరు మీద కుమ్మరిస్తున్నాడు. ఆ గొంతు తలుపుసందుల్లోంచి ముసలమ్మ చెవిన పడింది. చచ్చినవాడు ఇంత గట్టిగా అరవడమేంటని ఆవిడ లేచి కిటికీ గొళ్ళెం తీసింది.

కిటికీకి ఎదురుగా, చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో, కూతురి వంటిల్లు ఆగి ఉంది. కూతురు గిన్నెలో పాలు, రొట్టె పట్టుకుని నిలబడింది.

ముసలమ్మ వెనక్కి తిరిగి టీవీ చూసింది. మూలన 'ప్రత్యక్ష ప్రసారం' అని రాసి ఉంది. ఎర్ర గీత మధ్య తన గుమ్మం, దాని ముందు ఖాళీ సందు. మళ్ళీ ఇటు తిరిగింది.

"ఏమే, ఇంతిల్లు తెచ్చి పెట్టారు. అందులో కనిపించదేం?"

"అది ఎప్పుడో తీసిందమ్మా."

"ఇప్పుడే, ఇప్పుడే అంటున్నాడుగా!"

కూతురు గిన్నె ముందుకు చాపింది. ముసలమ్మ కళ్ళనిండా నీళ్ళొచ్చాయి, దానికంటే ఎక్కువ కోపమొచ్చింది. వెళ్ళి టీవీ కట్టేసి వచ్చి, నిలబడే రొట్టె తిన్నది. ఆవురావురుమంటూ తిన్నది. గిన్నె ఖాళీ చేసి మూతి తుడుచుకుంది.

"ఇంకోటి ఉందా? ఉంటే ముందు అల్లుడుగారికి పెట్టు. పాపం, పొద్దుట్నుంచీ ఇల్లు తోలి తోలి అలిసిపోయుంటారు."